ప్లాస్టిక్ ఓడకు తాళ్లు కట్టడం ఎలా: డెల్టా తేమలో మాస్టు వంగకుండా, దారం వేలాడకుండా

ప్లాస్టిక్ తెరచాప ఓడ కిట్ కొన్నవాళ్లు చాలామంది హల్, అంటే ఓడ మొండెం, అతికిస్తారు, రంగులేస్తారు, ఫిరంగులు వరసగా పెడతారు, అక్కడితో ఆపేస్తారు. కిట్‌తో వచ్చిన తాళ్ల బొమ్మ తెరిచి చూస్తే సాలెగూడులా కనిపిస్తుంది మరి. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న విక్టరీ ఓడకు మొత్తం 26 మైళ్ల తాళ్లు ఉండేవని, కట్టీ సార్క్‌కు 11 మైళ్లు అని చెబుతారు. మనం స్కేలుకు తగ్గించి, కంటికి ఆననివి వదిలేసి కట్టేది అందులో చాలా కొద్ది భాగం. వరస తెలిస్తే ఇది టెన్షన్ పడాల్సిన పని కాదు, ఓపిక పట్టాల్సిన పని.

ఇంగ్లీషులో ఈ పని నేర్పే పుస్తకాలు ఎక్కువగా చెక్క మాస్టులను (తెరచాపలు మోసే నిలువు కొయ్యలను), చల్లటి పొడి గదులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కాకినాడలోనో నరసాపురంలోనో అమలాపురంలోనో కూర్చుని ప్లాస్టిక్ ఓడ కట్టేవాడికి రెండు తేడాలొస్తాయి. ప్లాస్టిక్ మాస్టు లాగితే వంగుతుంది, లాగి వదిలేస్తే నెలల తరబడి మెల్లగా వంగుతూనే ఉంటుంది. మన గాలిలో తేమ నూలు దారాన్ని ఒక ఋతువులో బిగిస్తుంది, ఇంకో ఋతువులో వదులు చేస్తుంది. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ రెంటినీ లెక్కలోకి తీసుకుని చెప్పిందే.

ఏ కిట్ తీసుకోవాలి

స్కేలు చిన్నదైతే పని తేలిక అనుకోవద్దు. 1:225లో, అంటే అసలు ఓడలో 225వ వంతు సైజులో, రెవెల్ కంపెనీ విక్టరీ బల్ల మీద ముచ్చటగా ఉంటుంది గానీ, నిచ్చెన మెట్ల తాళ్లకు అందులో రెండు మిల్లీమీటర్ల ఎడం కూడా దొరకదు. 1:180 ఎయిర్‌ఫిక్స్ విక్టరీ కొంత నయం. రెవెల్ 1:96 కట్టీ సార్క్, కాన్‌స్టిట్యూషన్, హెల్లర్ 1:100 విక్టరీ దాదాపు మీటరు దాకా వస్తాయి. వేళ్లు ఆడించడానికి చోటు ఎక్కువే, కానీ కట్టాల్సిన తాళ్లూ ఎక్కువే. మొదటిసారి కట్టేవాళ్లకు నా సలహా వేరు: ఒకటి లేదా రెండు మాస్టుల ఓడ, 1:100కి అటూ ఇటూ స్కేలు. విక్టరీ ఎక్కడికీ పోదు.

ఒక మాట పక్కన. తాళ్లు ఎలా పనిచేస్తాయో అర్థం కావాలంటే తాళ్లరేవు వైపు వెళ్లి, అక్కడ కట్టే చెక్క పడవల్ని ఒకసారి చూడండి. పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన, మరమ్మతు చేసిన రేవు. 1839 ఉప్పెన దాన్ని దెబ్బతీసింది. ఇప్పుడు అక్కడ మూడు మాస్టుల ఓడ కనిపించదు. అయినా ఒక తాడు ఎటు లాగితే దేన్ని ఆపుతుందో ఏ పడవ దగ్గర నిలబడి చూసినా తెలుస్తుంది.

తాళ్లు రెండు రకాలు

మాస్టును ఎటూ పడకుండా పట్టి ఉంచేవి స్టాండింగ్ రిగ్గింగ్. పక్కలకు దిగేవి ష్రౌడ్లు, ముందుకు దిగేవి స్టేలు, వెనక్కి దిగేవి బ్యాక్‌స్టేలు. ఇవి ఒకసారి బిగిస్తే అలాగే ఉంటాయి. వానకు పాడవకుండా వీటికి తారు పట్టించేవారు కాబట్టి రంగు నల్లటి గోధుమ.

యార్డులను, అంటే తెరచాప వేలాడే అడ్డకొయ్యలను, ఎత్తడానికి, దించడానికి, తిప్పడానికి ఉండేవి రన్నింగ్ రిగ్గింగ్. ఇవి కప్పీల గుండా జరుగుతూ ఉండాలి కనుక తారు అంతగా పూయరు. రంగు ఎండుగడ్డికీ లేత గోధుమకీ మధ్యలో ఉంటుంది.

మొదటి రకం పూర్తిగా అయ్యాకే రెండో రకం. అసలు ఓడ మీద కళాసీలు పని చేసిన వరసా ఇదే: కింద నుంచి పైకి, లోపల నుంచి బయటికి. ఈ వరస తప్పితే చెయ్యి పట్టే సందు దొరకదు, ఒక ముడి కోసం కట్టిన ఇంకో పది తాళ్లు కదిలిపోతాయి.

దారం ఎంపిక: సగం పని ఇక్కడే

కిట్‌లో ఇచ్చే దారం పక్కన పెట్టేయండి. చాలా కిట్లలో అది నూగుతో, అన్నీ ఒకే మందంతో ఉంటుంది. ఓడ మీద తాళ్లన్నీ ఒకే లావున ఉంటే ఎంత బాగా కట్టినా బొమ్మలాగే కనిపిస్తుంది.

మందం తేల్చడానికి తేలికైన లెక్క ఉంది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు ఓడల్లో మెయిన్ స్టే మందం ఆ మాస్టు లావులో సుమారు ఆరో వంతు. కింది ష్రౌడ్లు ఆ స్టేలో సగానికి కాస్త ఎక్కువ. మీ మాస్టు కింద 6 మి.మీ. ఉంటే స్టే 1 మి.మీ., ష్రౌడ్లు 0.6, ష్రౌడ్లను బిగించే సన్నతాడు 0.25 నుంచి 0.3, నిచ్చెన మెట్లు 0.15 నుంచి 0.2. పైకి వెళ్లేకొద్దీ అన్నీ సన్నబడతాయి. 1869లో కట్టిన కట్టీ సార్క్ లాంటి ఓడల్లో స్టాండింగ్ రిగ్గింగ్ ఇనుప తీగతో పేనింది కాబట్టి ఈ లెక్క కంటే సన్నగా వాడాలి.

దారం మందం కొలవడానికి పరికరం అక్కర్లేదు. పెన్సిల్ మీద దారాన్ని పక్కపక్కన ఆనుకునేలా చుట్టి, 10 మి.మీ.లో ఎన్ని చుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. 20 చుట్లు పడితే 0.5 మి.మీ., 40 పడితే 0.25.

ఇక దేనితో చేసిన దారం అన్నది. మామూలు గాలిలోనే నూలు తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. తేమ తగిలిన నూలు లావెక్కుతుంది, మెలిక బిగుసుకుని పొడవు తగ్గుతుంది. అందుకని మాస్టును లాగి పట్టే ష్రౌడ్లు, స్టేలు, బ్యాక్‌స్టేలు అన్నీ పాలిస్టర్‌తోనే కట్టండి. టైలరింగ్ సామాను దుకాణంలో ముదురు గోధుమ రంగు కుట్టుదారం కావలసినన్ని మందాల్లో దొరుకుతుంది. మరీ నల్లది తీసుకోవద్దు, చిన్న స్కేలులో గీత గీసినట్టు కనిపిస్తుంది.

రన్నింగ్ రిగ్గింగ్‌కు నూలు బాగుంటుంది. అవి కాస్త వదులుగా వంపు తిరిగి ఉన్నా సహజంగానే కనిపిస్తాయి. క్రోషే లేసు అల్లడానికి వాడే నూలు దారం ఇందుకు బాగా పనికొస్తుంది, గట్టి మెలిక, తక్కువ నూగు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఉన్నవాళ్లకు అది వెతుక్కోనక్కర్లేదు. లేసు దారంలో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం: 20 కంటే 40, 40 కంటే 80 సన్నగా ఉంటుంది. తెల్లది కొని టీ డికాషన్‌లో నానబెట్టి ఆరేస్తే సరైన రంగు వస్తుంది. కట్టీ సార్క్ మొదట్లో చైనా నుంచి టీ మోసిన ఓడే కాబట్టి దానికి ఈ రంగు న్యాయమే.

నూలు దారాన్ని కట్టే ముందు తడిపి, ఒక చివర మేకుకి కట్టి, రెండో చివర ఒక నట్టు వేలాడదీసి రాత్రంతా వదిలేయండి. సాగాల్సింది అప్పుడే సాగిపోతుంది. ఏ కారణం చేతైనా స్టాండింగ్ రిగ్గింగ్ కూడా నూలుతోనే కట్టాలనుకుంటే, పొడి రోజున, ఏసీ గదిలో కట్టకండి. ముసురు పట్టిన రోజున కట్టండి. అప్పుడు దారం ఎంత కుంచించుకోవాలో అంతా కుంచించుకుని ఉంటుంది. వేసవిలో కాస్త వదులైనా మళ్లీ వానాకాలానికి మీరు కట్టిన బిగువుకే వస్తుంది, అంతకు మించి లాగదు. ఏప్రిల్ ఎండలో బిగించి కట్టినది ఆగస్టులో మాస్టును వంచుతుంది.

చేపల వలకు వాడే నైలాన్ ఏకతీగ వద్దు. మెరుస్తుంది, ముడి జారుతుంది, చుట్టలో ఉన్న వంపు పోదు. మగ్గం పనికి వాడే మెరుపు సిల్కు దారం కూడా అందుకే వద్దు.

లావు తాళ్లు కావాలంటే పేనుకోవచ్చు. కోనసీమలో కొబ్బరి పీచు తాడు పేనే సూత్రమే: పోగును ఒకవైపు మెలిపెట్టి, పోగుల్ని కలిపి రెండోవైపు పేనాలి. మీటరున్నర దారం ఒక చివర మేకుకి కట్టండి, రెండో చివర డ్రిల్ మెషిన్‌కు బిగించిన చిన్న కొక్కేనికి కట్టండి. దారంలో అప్పటికే ఉన్న మెలిక ఎటు ఉందో చూసి అదే వైపు తిప్పండి, దారం మెలికలు పడటం మొదలయ్యేదాకా. మధ్యలో నట్టు తగిలించి రెండు చివరలూ ఒకచోటికి తెచ్చి వదిలితే దారం దానంతటదే వెనక్కి పెనవేసుకుని రెండు పోగుల తాడవుతుంది. సగం కంటే కాస్త తక్కువ పొడవు మిగులుతుంది.

చివరగా ప్రతి దారాన్నీ తేనెమైనం ముక్క మీదుగా రెండుసార్లు లాగి, వేళ్ల మధ్య రుద్దండి. నూగు అణిగిపోతుంది, ముడి పట్టు నిలుస్తుంది. కొవ్వొత్తి మైనం పొడిపొడిగా రాలుతుంది, అది వద్దు. గంజి పెట్టడం కూడా వద్దు. పాత పుస్తకాల్లో కనిపించే వెండి పురుగుకు గంజి అంటే ఇష్టం.

పనిముట్లు

సన్న మొన ఉన్న పట్టకార్లు రెండు, ఒకటి తిన్ననిది, ఒకటి వంపుది. 0.4 నుంచి 1 మి.మీ. దాకా డ్రిల్ బిట్లు, వాటిని చేత్తో తిప్పే పిడి. కంసాలి పనిముట్లు అమ్మే కొట్లో ఇవన్నీ, భూతద్దంతో సహా, ఒక్కచోటే దొరుకుతాయి. పదునైన చిన్న కత్తెర, పూసలు గుచ్చే సన్న సూదులు, లేసు అల్లే కొక్కెం సూది, బట్టల క్లిప్పులు. కొక్కెం సూది కట్టిన తాళ్ల మధ్యలోంచి దారం చివరను ఇవతలికి లాగడానికి, వేళ్లు పట్టని చోట.

జిగురు విషయంలో జాగ్రత్త. ప్లాస్టిక్ సిమెంట్ దారాన్ని పట్టుకోదు. సూపర్ గ్లూ పట్టుకుంటుంది గానీ దారాన్ని పెళుసుగా చేస్తుంది, తేమ గాలిలో చుట్టూ తెల్లటి పొగమచ్చ వేస్తుంది. లోహపు కొక్కేలను ప్లాస్టిక్‌లో దిగ్గొట్టడానికి మాత్రమే దాన్ని ఉంచుకోండి. ముడుల మీద ఫెవికాల్‌ను సగం నీళ్లతో పలచన చేసి, సూది మొనతో ఒక్క చుక్క. ఆరాక కనిపించదు, తప్పుపడితే నీళ్లతో తడిపి విప్పుకోవచ్చు.

పని చేసేటప్పుడు ఫ్యాన్ ఆపక తప్పదు. వేసవిలో అయితే తెల్లవారుజామునో రాత్రో కూర్చోండి; చెమట చేత్తో సన్నదారం పట్టుకుంటే ముడి పడదు, రంగూ మాసిపోతుంది.

మాస్టుకు లోపల చువ్వ

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. కిట్ మాస్టులు సాధారణంగా రెండు సగాలుగా వస్తాయి. అతికించే ముందు లోపల లోహపు చువ్వ పెట్టండి. సైకిల్ చువ్వ దాదాపు 2 మి.మీ. ఉంటుంది, తిన్నగా ఉంటుంది, పాతది ఏ రిపేరు షాపులో అడిగినా ఇస్తారు. సగాల లోపల ఉన్న అడ్డుగోడల్లో గాడి తీసి చువ్వను పడుకోబెట్టి, ఎపాక్సీతో నింపి, రెండు సగాలూ మూసి, దారంతో చుట్టి ఆరనివ్వండి. చువ్వ కింద రెండు సెంటీమీటర్లు బయటికి మిగిలితే హల్ లోపలికి దిగుతుంది, మాస్టు మొదలు కదలదు.

పైన ఉండే సన్న మాస్టు ముక్కలు లోపల బోలు లేని ప్లాస్టిక్‌వైతే లోపల చువ్వ పట్టదు. వాటిని పూర్తిగా ఇత్తడి కడ్డీతోనో, చాకుతో చెక్కి సాండ్‌పేపర్ పట్టించిన వెదురు పుల్లతోనో మార్చేయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బయటికి కనిపించే ఏ భాగానికీ ఇనుము వాడొద్దు. ఉప్పుగాలికి తుప్పు రంగులోంచి బయటికొస్తుంది.

ప్లాస్టిక్ కొక్కేలు, తాళ్లు చుట్టే పిన్నులు కూడా దారం లాగితే తెగిపోతాయి. పాత కరెంటు వైరులోని రాగి తీగను డ్రిల్ బిట్ చుట్టూ ఒక మెలిక తిప్పి, తోకలు రెండూ కలిపి మెలిపెడితే కొక్కెం తయారు. డెక్‌లో, అంటే ఓడ పైతలంలో, రంధ్రం చేసి, సూపర్ గ్లూ అద్ది దించండి. పిన్నులకు ఇత్తడి గుండుసూదుల్ని పొట్టిగా కత్తిరించి వాడొచ్చు. ఈ రంధ్రాలన్నీ డెక్ అతికించకముందే పూర్తి చేయండి, లోపలి నుంచి ఎపాక్సీ కూడా వేసి గట్టిపరచవచ్చు.

అలాగే మాస్టులూ యార్డులూ ఓడ మీదికి ఎక్కకముందే, వాటికి కట్టాల్సిన కప్పీలన్నీ బల్ల మీదే కట్టేయండి. కిట్ బొమ్మ జిరాక్స్ తీసి, కట్టిన ప్రతి కప్పీ మీద రంగు పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటే సరి. ఓడ మీద ఎక్కించాక కప్పీ కట్టడానికి అరగంట పడుతుంది, బల్ల మీద రెండు నిమిషాలు.

మొదట బౌస్ప్రిట్

ఓడ ముక్కున ముందుకు పొడుచుకొచ్చే కొయ్య బౌస్ప్రిట్. ముందు మాస్టు స్టేలన్నీ దీన్ని పైకి లాగుతాయి. అందుకే దీన్ని ముందే కిందికి కట్టేయాలి. మొదలు దగ్గర తాడును హల్ ముక్కుకు వేసి తొమ్మిది పది చుట్లు బిగించండి. తర్వాత దాని కింది నుంచి నీటిమట్టం దగ్గరికి బాబ్‌స్టే అనే తాడు వెయ్యండి. ఇవి వేసేటప్పుడు బౌస్ప్రిట్‌ను కళ్లకు కనిపించీ కనిపించనంత కిందికి లాగి కట్టడం మంచిది. స్టేలు పడ్డాక అది సరిగ్గా తన చోటికొస్తుంది.

కింది ష్రౌడ్లు

చాలా కిట్లు ష్రౌడ్లు, మెట్లు కలిపి నల్ల ప్లాస్టిక్ జల్లెడలా అచ్చుపోసి ఇస్తాయి. కొన్ని దారం చుట్టుకునే చట్రం ఇస్తాయి. జల్లెడ వాడితే ఓడ మొత్తం ఆటబొమ్మ అయిపోతుంది, దాన్ని కొలతకు మాత్రమే ఉంచుకోండి. చట్రం కాస్త నయం గానీ, మాస్టు మీద నేరుగా కట్టినంత అందం రాదు.

ష్రౌడ్లు జతగా వేస్తారు. ఒక తాడును మధ్యలో మడిచి, మాస్టు తల మీదుగా తొడిగి, ఆ మడత కిందే సన్నదారంతో చుట్టి కట్టండి. దాని రెండు కాళ్లూ ఒకేవైపు కిందికి దిగుతాయి. మొదటి జత కుడివైపు అన్నిటికన్నా ముందున్న రెండు ష్రౌడ్లు. రెండో జత ఎడమవైపు ముందున్న రెండు. మూడోది మళ్లీ కుడివైపు. ఇలా మార్చి మార్చి వేస్తేనే మాస్టు తల దగ్గర చుట్లు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, బిగువు కూడా ఒకవైపుకే పోదు. ఒకవైపు అన్నీ కట్టేసి రెండోవైపు మొదలుపెట్టినవాడి మాస్టు తప్పకుండా పక్కకి వాలుతుంది.

కింద ప్రతి ష్రౌడుకూ డెడ్‌ఐ ఉంటుంది, మూడు కన్నాల గుండ్రటి బిళ్ల. హల్ పక్కన ఉన్న పలకకు ఒకటి, ష్రౌడు చివర ఒకటి. మధ్యలో సన్నతాడు ఆరు కన్నాల గుండా వెళ్లి రెంటినీ దగ్గరికి లాగుతుంది. కింది బిళ్లలో ఒంటి కన్నం కిందికి, పై బిళ్లలో ఒంటి కన్నం పైకి ఉండాలి. పైవన్నీ ఒకే వరసలో ఉంటేనే అందం. దానికో చిట్కా: రాగి తీగను స్టేప్లర్ పిన్ను ఆకారంలో వంచి, ఒక కాలు కింది బిళ్ల కన్నంలో, ఇంకో కాలు పై బిళ్ల కన్నంలో పెట్టండి. బిళ్ల వెడల్పుకు రెండు మూడు రెట్లు ఎడం సరిపోతుంది. తీగ అలా పట్టి ఉండగా ష్రౌడును పై బిళ్ల చుట్టూ తిప్పి, క్లిప్పుతో పట్టి, మూడు చోట్ల సన్నదారంతో కట్టండి. తర్వాత తీగ తీసేసి సన్నతాడు ఎక్కించండి. మొదటి ముడి లోపలివైపు, అంటే డెక్ వైపు, రావాలి. అన్ని కన్నాలూ అయ్యాక తాడు చివరను పై బిళ్ల మీదుగా ష్రౌడుకు చుట్టి ఆపండి, జిగురు మాత్రం ఇంకా వేయకండి.

ఒక్కో జత కాగానే ఓడను ఎదురుగా పెట్టుకుని చూడండి. తాపీ మేస్త్రీ గోడకు గుండు వేలాడదీసినట్టు, వెనక గోడకు నట్టు కట్టిన దారం వేలాడదీసి దానితో మాస్టును పోల్చుకుంటే ఒక మిల్లీమీటరు వాలినా తెలిసిపోతుంది. బిగువు ఎంత ఉండాలి? వేలితో మీటితే దారం కదలాలి, మాస్టు కదలకూడదు.

స్టేలు

ష్రౌడ్ల చుట్ల మీదుగా స్టే తొడగాలి, ముందు కాదు. ముందు మాస్టు, నడిమి మాస్టు, వెనక మాస్టు వరసలో వెళ్లండి. ప్రతి స్టే మాస్టును ముందుకు లాగుతుంది, ష్రౌడ్లు పక్కలకూ కొంచెం వెనక్కీ లాగుతాయి. అందుకే స్టే వేశాక ష్రౌడ్ల సన్నతాళ్లను మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి. జిగురు వేయొద్దన్నది ఇందుకే. కింది మాస్టు అంతా తృప్తిగా ఉందనుకున్నాక పై మాస్టు ష్రౌడ్లు, బ్యాక్‌స్టేలు, పై స్టేలు అదే పద్ధతిలో. అన్నీ అయ్యాక ఓడను వారం రోజులు అలా వదిలేయండి. ప్లాస్టిక్ ఎటు ఒరగాలో ఒరుగుతుంది. తర్వాత చివరి సర్దుబాటు చేసి, ముడులకు ఫెవికాల్ నీళ్లు అద్దండి.

రాట్‌లైన్లు, అంటే నిచ్చెన మెట్లు

అసలు ఓడ మీద మెట్టుకూ మెట్టుకూ మధ్య 13 నుంచి 15 అంగుళాలు. 1:96లో అది సుమారు 4 మి.మీ., 1:180లో 2. తెల్ల కాగితం మీద ఆ ఎడంతో అడ్డగీతలు గీసి, ష్రౌడ్ల వెనక క్లిప్పులతో పెట్టుకోండి. గీతలు నీటిమట్టానికి సమాంతరంగా ఉండాలి, హల్ పక్క అంచుకు కాదు. ఆ అంచు ముందూ వెనకా పైకి వంపు తిరిగి ఉంటుంది.

ముడి పేరు క్లోవ్ హిచ్. వల తాడుకు బెండు కట్టే జాలరిని చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు. దారాన్ని ష్రౌడు ముందు నుంచి వెనక్కి తిప్పి, ముందుకు తెచ్చి, తన మీదుగానే ఐమూలగా దాటించి, మళ్లీ వెనక్కి తిప్పి, ఆ ఐమూల గీత కింద నుంచి చివరను దూర్చి లాగాలి. ఎడమ అంచు నుంచి కుడి అంచుకు ప్రతి ష్రౌడు మీదా ఇలాగే. రెండు అంచుల్లో మాత్రం జిగురు, మధ్యలో అక్కర్లేదు.

ఇక్కడ అసలు ప్రమాదం ముడి కాదు, లాగడం. ఒక్కో మెట్టు వెంట్రుకవాసి ఎక్కువ లాగినా ఇరవై మెట్లు అయ్యేసరికి అంచు ష్రౌడ్లు లోపలికి వంగి, మొత్తం డమరుకంలా తయారవుతుంది. దీనికి మందు: ముందు ప్రతి ఐదో మెట్టూ కట్టుకుంటూ పైదాకా వెళ్లండి, తర్వాత మధ్యలోవి నింపండి. అంచుల్లో ఒక సన్న ఇత్తడి కడ్డీని తాత్కాలికంగా ష్రౌడుకు ఆనించి కట్టినా పని చేస్తుంది. మెట్టు దారం రెండు ష్రౌడ్ల మధ్య కొంచెం కిందికి వేలాడితే ఇంకా మంచిది, మనుషులు ఎక్కి దిగిన తాడది.

1:150 కంటే చిన్న స్కేలులో క్లోవ్ హిచ్ ముద్దలా కనిపిస్తుంది. సన్న సూదితో మెట్టు దారాన్ని ష్రౌడు దారంలోంచే గుచ్చి తీసుకెళ్లండి, ప్రతి దాటు దగ్గరా ఒక చుక్క ఫెవికాల్ నీళ్లు. ఇది దొంగ దారేమీ కాదు. ఆ సైజులో ముడి కంటే ఇదే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది.

రోజుకు ఒక మాస్టు ఒక వైపు చాలు. ఒక్క విడతలో పూర్తి చేయాలని చూస్తే చివరి మెట్లు మొదటి మెట్ల పక్కన నిలబడలేవు.

యార్డులు

యార్డును మాస్టుకు పట్టి ఉంచే పూసల దండకు మగ్గం పనిలో వాడే 1.5 లేదా 2 మి.మీ. గోధుమ పూసలు సరిగ్గా సరిపోతాయి. యార్డు మధ్యలో చిన్న ఇత్తడి మేకు దించి మాస్టు రంధ్రంలో పెడితే బరువు దాని మీద పడుతుంది, తాడు మీద పడదు. తర్వాత ఎత్తే తాడు, రెండు చివరల నుంచి మాస్టు తలకు వెళ్లే లిఫ్టులు. లిఫ్టులు రెండూ ఒకేసారి, చెరో చేత్తో పట్టుకుని కట్టాలి, లేకపోతే యార్డు తక్కెడలా ఊగుతుంది.

చాలా నమూనాల్లో కనిపించే తప్పు ఒకటుంది. తెరచాపలు లేకుండానో, చుట్టేసో చూపిస్తూ, పై యార్డులను మాత్రం పైదాకా ఎత్తి పెడతారు. తెరచాప దించితే ఎత్తే రకం పై యార్డులు కూడా మాస్టు వెంట కిందికి దిగాలి, వాటి లిఫ్టులు బిగువుగా ఉండాలి. పైకెత్తి ఉన్నాయంటే కింద తెరచాప విప్పి ఉండాలి. కిట్‌లో వచ్చే అచ్చు ప్లాస్టిక్ తెరచాపలు నాకు నచ్చవు, మందంగా ఉంటాయి, మాస్టుకు అనవసరపు బరువు. చుట్టేసిన తెరచాప కావాలంటే టిష్యూ కాగితాన్ని అసలు ఎత్తులో మూడో వంతుకే కత్తిరించి, ఫెవికాల్ నీళ్లతో తడిపి, యార్డు మీద మడతలు పెట్టి సన్నదారంతో కట్టండి. పూర్తి ఎత్తు కాగితం చుడితే పరుపు చుట్టలా లావెక్కుతుంది.

బ్రేసులు, తాళ్ల చుట్టలు

యార్డు చివరల నుంచి డెక్‌కు దిగి యార్డును తిప్పేవి బ్రేసులు. ఓడ బయటి అంచుల మీదుగా సాగేవి కాబట్టి ఇవే చివర. ముందే కడితే ప్రతిసారీ మోచేయి తగులుతుంది. ముందు, నడిమి మాస్టుల బ్రేసులు ఎక్కువగా వెనక్కి సాగుతాయి, మూడు మాస్టుల ఓడల్లో వెనక మాస్టువి చాలావరకు ముందుకు. కుడి ఎడమ జతలు సమానంగా వంపు తిరగాలి. నూలుదారం అయితే వంపు దానంతటదే వస్తుంది. పాలిస్టర్ బిర్రుగా నిలబడితే మధ్యలో ఫెవికాల్ నీళ్లు రాసి, చిన్న క్లిప్పు వేలాడదీసి ఆరనివ్వండి.

పిన్నుల మీద వేలాడే తాళ్ల చుట్టల్ని ఓడ మీద చుట్టకండి. అట్టముక్క మీద రెండు గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ దారం తిప్పి, ఫెవికాల్ నీళ్లు పూసి, సగం ఆరాక తీసి పిన్నుకు తగిలించి, కిందికి బరువుగా వేలాడేలా పట్టకారుతో నొక్కండి. చుట్ట పక్కకు విచ్చుకుని నిలబడితే చూసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. మిగిలిన పాలిస్టర్ కొసల్ని వెలుగుతున్న అగరబత్తి మొనతో తాకితే కత్తెర పట్టని చోట కూడా తెగి, చివర మూసుకుంటుంది. అగరబత్తి ప్లాస్టిక్‌కు తగలకుండా చూసుకోవాలి, అంతే.

నిలవ పెట్టడం

గాజు లేదా అక్రిలిక్ పెట్టె తప్పనిసరి. దుమ్ము తేమతో కలిస్తే దారాల మీద బూడిద పొరలా పడుతుంది, అది తుడవడం కట్టడం కంటే కష్టం. పెట్టె పూర్తిగా బిగించకుండా అడుగున రెండు చోట్ల గాలి కన్నాలు, వాటికి సన్న జాలీ. మూలన సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మార్చుతూ ఉండండి. పడమటి కిటికీ ఎండ పడే చోట వద్దు. ఎండలో నిలిపిన మూసిన కారులో అయితే అసలే వద్దు, బిగువు మీదున్న మాస్టు ఆ వేడికి వంగితే మళ్లీ తిన్నగా రాదు.

పురుగులు రాకుండా బీరువాలో వేసినట్టు పెట్టెలో కలరా ఉండలు వేయొద్దు. నాఫ్తలీన్ ఆవిరి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, రంగును జిగటగా చేస్తుంది. ఇంట్లో వాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి, సాయం చేద్దామని వేసేది వాళ్లే.

వాడిన ప్రతి దారం రెండేసి మీటర్లు, మందం రాసిన చీటీతో సహా, డబ్బాలో దాచిపెట్టండి. ఎప్పుడైనా ఒక తాడు తెగితే అదే రంగు, అదే మందం మళ్లీ దొరకదు. తెగినదాన్ని మార్చేటప్పుడు పాత ముడి మీద నీళ్లు అద్ది పది నిమిషాలు ఆగితే ఫెవికాల్ మెత్తబడి ముడి విడివడుతుంది, కొత్త దారాన్ని కొక్కెం సూదితో అదే దారిలో లాగి కట్టుకోవచ్చు.